వెయ్యి సీడీలు కావాలంటే రాయించాలా, అచ్చు వేయించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గంటకు పైగా నిడివి ఉన్న ఆడియో పాఠాలు సిద్ధంగా ఉన్నాయి, వాటిని వెయ్యి సీడీలుగా చేయించాలి. ఒకరు కంప్యూటర్‌లో రాసి ఇస్తామన్నారు, ఇంకొకరు ఫ్యాక్టరీలో అచ్చు వేయించుకోమన్నారు. రెండింటికీ తేడా ఏమిటి? అచ్చు వేసేవాళ్లు 500కు తక్కువైతే ఎందుకు ఒప్పుకోరు? ఒక్కో సీడీ కొన్ని సెకన్లలోనే తయారవుతుందన్న మాట నమ్మవచ్చా?

సూటి జవాబు ముందే చెప్పేస్తాను. వెయ్యి కాపీలకు అచ్చు వేయించడమే సరి. వంద, రెండు వందలైతే రాయించుకోండి. 300 నుంచి 500 మధ్య అయితే, అచ్చుకు ఒప్పుకునేవాళ్లుంటే, రెండు చోట్లా ధర కనుక్కుని తేల్చుకోవాలి. కొన్ని సెకన్ల మాట నిజమే. అచ్చు యంత్రం దాదాపు 4 సెకన్లకు ఒక సీడీని బయటికి ఇస్తుంది. అయితే ఆ 4 సెకన్లలో అది మీ పాఠాలను చదవదు, రాయదు. ప్లాస్టిక్ ఒక ఆకారంలో గట్టిపడుతుంది, ఆ ఆకారమే మీ పాఠం. చేత్తో నకలు రాసుకోవడానికీ ప్రెస్సులో పుస్తకం అచ్చు వేయడానికీ ఉన్నంత తేడా ఉంది రెండింటికీ. అచ్చులో ఖర్చూ జాగ్రత్తా చాలావరకు మొదటి పలక దగ్గరే ఉంటాయి. అది తయారయ్యాక అందులోని తప్పు దిద్దడానికి దారి లేదు.

నేను డిస్కుల ఫ్యాక్టరీలో మాస్టరింగ్, అంటే ఆ మొదటి పలక తయారు చేసే విభాగంలో చేరి, తర్వాత నాణ్యత తనిఖీలో ఎక్కువ కాలం పనిచేశాను. కాబట్టి కాస్త వివరంగానే చెప్పగలను.

సీడీ అంటే 120 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బనేట్ బిళ్ల. దాని పైముఖం మీద, అంటే పేరు ముద్రించే వైపున, లోపలి నుంచి బయటికి తిరుగుతూ వెళ్లే ఒకే ఒక్క గాడి ఉంటుంది. 74 నిమిషాల సీడీలో ఆ గాడిని సాగదీస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గాడి పొడవునా అర మైక్రాను వెడల్పున్న చిన్న చిన్న గుంటలు ఉంటాయి. వాటిలో అతి పొట్టిది 0.83 మైక్రాన్లు, అతి పొడవైనది 3 మైక్రాన్ల పైచిలుకు. ప్లేయర్‌లోని లేజర్ కింది నుంచి ప్లాస్టిక్ మందమంతా దాటుకుని వచ్చి వీటిని చూస్తుంది. గుంట లోతు ఆ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యంలో ఇంచుమించు నాలుగో వంతు ఉండేలా పెడతారు కాబట్టి, గుంట నుంచీ దాని చుట్టుపక్కల నుంచీ తిరిగొచ్చే కాంతులు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. వెలుగు హెచ్చుతగ్గులే అంకెలవుతాయి. లోతు తప్పితే సంకేతం నీరసిస్తుంది. అచ్చు వేయడంలోని కష్టమంతా ఈ లోతునూ ఈ అంచులనూ లక్షసార్లైనా ఒకేలా తీయడంలోనే ఉంది.

ఇప్పుడు మొదటి పలక సంగతి. బాగా నునుపు చేసి కడిగిన గాజు పలక మీద కాంతికి స్పందించే రసాయనాన్ని పలచగా పరుస్తారు. ఆ పూత మందం దాదాపు గుంట లోతంతే ఉంటుంది. లేజర్ రికార్డర్ మీ డేటా ప్రకారం ఆ పూతపై చుక్కలూ గీతలూ వెలిగించుకుంటూ పోతుంది. డెవలపర్ ద్రావణం పోస్తే వెలుగు తగిలిన చోట పూత కరిగిపోయి గుంటలు మిగులుతాయి. ఇదే గ్లాస్ మాస్టర్. గాలిలో తేలే ధూళి కణం ఒక్కటి చాలు కొన్ని వందల గుంటలను కప్పేయడానికి. అందుకే ఈ గదిలోకి తల నుంచి పాదాల దాకా కప్పే దుస్తులు లేకుండా ఎవరినీ రానివ్వరు.

గాజు మీద సన్నని లోహపు పొర వేసి, నికెల్ ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపిస్తే నికెల్ నెమ్మదిగా పేరుకుంటుంది. మందం 0.3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక దాన్ని గాజు నుంచి ఊడదీస్తారు. దాని పేరు ఫాదర్. గాజు మీద గుంట ఉన్న చోట దీని మీద బొడిపె ఉంటుంది. ఊడదీసేటప్పుడు గాజు మీది పూత పాడైపోతుంది, కాబట్టి గ్లాస్ మాస్టర్ ఒక్కసారికే పనికొస్తుంది. గాజును మాత్రం శుభ్రం చేసి మళ్లీ వాడుకుంటారు. చిన్న ఆర్డరైతే ఫాదర్‌నే నేరుగా అచ్చుకు బిగిస్తారు. పెద్దదైతే ఫాదర్ నుంచి మదర్, మదర్ నుంచి కావలసినన్ని స్టాంపర్లు, అంటే డిస్కులను అచ్చు వేసే నికెల్ పలకలు తీస్తారు. ఒక్కో స్టాంపర్ వేల సంఖ్యలో డిస్కులు ఇచ్చి అరుగుతుంది. మీ వెయ్యికి ఒక్కటే చాలు, అదీ పెద్దగా అలసిపోదు.

ఇక్కడే మీ 500 ప్రశ్నకు సమాధానం ఉంది. గాజు, నికెల్, స్టాంపర్‌ను అచ్చులో బిగించి యంత్రాన్ని దారికి తెచ్చే సమయం, ముద్రణకు తెరలు తయారు చేయడం: ఇదంతా పది డిస్కులకైనా పదివేలకైనా ఒకటే. యంత్రం వేడి కుదిరే దాకా మొదట వచ్చే డిస్కులను పక్కన పడేస్తారు కూడా. ఆ స్థిర ఖర్చును వంద డిస్కుల మీద పంచితే మీరు ఒప్పుకోని ధర వస్తుంది. వెయ్యి మీద పంచితే ఒక్కోదానికి రాసిన సీడీ కంటే తక్కువ పడుతుంది. ఫ్యాక్టరీవాళ్లు బెట్టు చేస్తున్నారని అనుకోకండి.

అచ్చు యంత్రం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడదాం, నాకు ఇష్టమైన చోటు అది. పాలీకార్బనేట్ గింజలను ముందు వేడిగాలిలో కొన్ని గంటలు ఆరబెడతారు. తేమ ఏ మాత్రం మిగిలినా డిస్కులో వెండి చారలు పడతాయి. తర్వాత 300 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కరిగించి, స్టాంపర్ బిగించిన అచ్చులోకి ఒక్క ఉదుటున ఎక్కిస్తారు. అచ్చు గోడల్లో నీళ్లు తిరుగుతూ ఉంటాయి. ప్లాస్టిక్ అచ్చంతా నిండి, స్టాంపర్ మీది ప్రతి బొడిపె చుట్టూ సర్దుకుని, గట్టిపడి, మధ్య రంధ్రం పడి, యంత్రపు చేతికి అందడం అంతా ఆ 4 సెకన్లలోనే జరగాలి.

ఇక్కడ ఆపరేటర్‌కు ఎప్పుడూ ఒక తగువు ఉంటుంది. అచ్చు వేడిగా ఉంటే ప్లాస్టిక్ గుంటల మూలల దాకా చక్కగా పారుతుంది, కానీ బయటికి వచ్చాక డిస్కు వంగుతుంది. చల్లగా ఉంటే డిస్కు తిన్నగా వస్తుంది, కానీ గుంటల అంచులు మొద్దుబారతాయి. పైగా ప్లాస్టిక్ లోపల ఒత్తిడి బిగుసుకుని దాని గుండా వెళ్లే కాంతి చీలుతుంది. ఇది కంటికి మామూలుగా కనబడదు. రెండు పోలరైజింగ్ పలకల మధ్య డిస్కును పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మాత్రం రంగురంగుల చారలు బయటపడతాయి. అనుభవం ఉన్న ఆపరేటర్ ఆ చారల వాటం చూసే ఏ మీట ఎటు తిప్పాలో చెప్పగలడు. రోజుకు వేల డిస్కులు తీసే లైనులో నాణ్యత తేడా అంతా ఇలాంటి మనిషి ఉన్నాడా లేడా అన్నదాని మీదే ఉంటుందని నా అభిప్రాయం. ఫ్యాక్టరీని ఎంచుకునేటప్పుడు యంత్రం ఏ కంపెనీదని అడగడం కంటే, ఎన్ని డిస్కులకు ఒకసారి తీసి పరీక్షిస్తారని అడగండి.

అచ్చు నుంచి వచ్చేది గాజులా పారదర్శకమైన బిళ్ల. శూన్యంలో దాని మీదికి అల్యూమినియం పరమాణువులను చల్లుతారు. ఆ పొర మందం మైక్రానులో పదో వంతు కూడా ఉండదు. దాని మీద లాకర్ చుక్క వేసి డిస్కును గిర్రున తిప్పితే అది సమంగా పరుచుకుంటుంది, అతినీలలోహిత కాంతి తగలగానే గట్టిపడుతుంది. కెమెరా ఒకసారి చూసి మచ్చలూ బుడగలూ ఉన్నవాటిని పక్కకు నెడుతుంది. తర్వాత ముద్రణ.

ఈ లాకర్ గురించి ఒక్క మాట. సీడీకి అసలు ప్రమాదం పేరు రాసిన వైపే. అందరూ మెరిసే అడుగు భాగాన్ని కాపాడుకుంటారు. అక్కడ గీత పడినా లేజర్ దాన్ని చాలావరకు దాటుకుని చూస్తుంది, మిగిలిన లోపాన్ని దోష సవరణ పూడుస్తుంది. గాడి పొడవునా 2.5 మిల్లీమీటర్ల మేర డేటా వరసగా పోయినా సీడీలోని సవరణ పద్ధతి దాన్ని తిరిగి కట్టగలదు. పైవైపు మాత్రం కొన్ని మైక్రాన్ల లాకర్ తప్ప కాపలా లేదు. గోరుతో గట్టిగా గీకితే అల్యూమినియమే లేచిపోతుంది, దాంతో పాటే మీ పాఠమూ పోతుంది. 1990 ప్రాంతాల్లో ఒక బ్రిటిష్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సీడీలు కొన్నేళ్లకు అంచు నుంచి లోపలికి కంచు రంగు తిరిగాయి. లాకర్ సరైన రక్షణ ఇవ్వకపోవడమూ, కవరు కాగితంలోని గంధకమూ కలిసి లోహపు పొరను తిన్నాయి.

ఇక రాసే పద్ధతి. ఖాళీ సీడీ-ఆర్‌లో గుంటలు ఉండవు, దారి చూపే గాడి మాత్రం ముందే అచ్చువేసి ఉంటుంది. దాని మీద ఒక రంగు పొర, ఆపైన వెండి వంటి ప్రతిఫలించే లోహం. డ్రైవు లేజర్ ఆ రంగును వేడి చేసి అక్కడక్కడా మార్చేస్తుంది. చదివే లేజర్‌కు ఆ చోట్లు గుంటల్లాగే కనబడతాయి. పెద్ద ఎత్తున రాసేవాళ్ల దగ్గర ఒక హార్డ్ డిస్కూ వరసగా పేర్చిన రైటర్లూ ఉన్న టవర్ ఉంటుంది, లేదంటే ఖాళీ డిస్కును తీసి పెట్టి, రాశాక ప్రింటర్‌లోకి అందించే యంత్రపు చెయ్యి ఉంటుంది. ఎన్ని రైటర్లు ఉన్నా ప్రతి డిస్కునూ మొదటి నుంచి చివరి దాకా రాయాల్సిందే.

రాసినది నాసిరకమని అనడం లేదు. అంకెల వరకు రెండూ ఒక్కటే. పాఠం వినేవారికి తేడా తెలియదు. చిన్న సంఖ్యకు, తొందర పనికి, ప్రతి కాపీలో పేరో నంబరో మార్చాల్సిన పనికి అదే సరైనది. అచ్చుకు సాధారణంగా వారం, పది రోజులు ఆగాలి. రాయడం అదే రోజు అయిపోవచ్చు. తేడాలు రెండు చోట్ల బయటపడతాయి. ఒకటి, పాత ప్లేయర్లు. సీడీలు అమ్మకానికి వచ్చింది 1982లో, రాసుకునే సీడీకి ప్రమాణం ఏర్పడింది 1988లో. తొలితరం ప్లేయర్లలో కొన్ని, కార్లలో పాతవి కొన్ని, రాసిన డిస్కు పెడితే మొరాయిస్తాయి. రెండోది వెలుతురు. రంగు పొర ఎండకు నిలవదు. మా దగ్గరికి వచ్చిన ఒక ప్రచురణకర్త రాయించిన సీడీలను కిటికీ పక్క అరలో ముఖం బయటికి కనబడేలా పేర్చి ఉంచారు. కొన్ని నెలలకు ఆ వరసలో ముందున్నవే చదవడం మానేశాయి, వెనకవి బాగానే ఉన్నాయి. ఖాళీ డిస్కుల తయారీదారును అనుమానించి మా దగ్గర పరీక్ష చేయించారు. అరలో వాటి స్థానం చెప్పగానే సంగతి తేలిపోయింది.

రాయించే పక్షంలో అత్యధిక వేగం వద్దనండి, అలాగని అత్యల్ప వేగమూ కోరకండి. ఇప్పటి డిస్కుల రంగు పొరలు మధ్యస్థ వేగాలకు తగ్గట్టు తయారవుతాయి. రాసిన ప్రతి డిస్కునూ మాతృకతో పోల్చి చూసే సదుపాయం టవర్లలో ఉంటుంది. సమయం ఆదా కోసం దాన్ని ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. ఆపవద్దని రాతపూర్వకంగా అడగండి.

అచ్చుకు ఇచ్చే మాతృక విషయంలో ఫ్యాక్టరీకి డీడీపీ ఫైళ్లు ఇవ్వడం ఉత్తమం. మీ ఆడియో ఎడిటర్ దాన్ని తయారు చేయగలరు. గాజు మీద ఏం ఎక్కాలో అంతా, ఏ పాఠం ఎక్కడ మొదలవుతుందో, మధ్యలో ఎంత ఖాళీయో సహా, అందులో ఉంటుంది. ప్రయాణంలో చెడితే తెలిసిపోయే సరిచూపు సంఖ్యను కూడా జత చేయవచ్చు. సీడీయే ఇవ్వాలంటే మంచి ఖాళీ డిస్కు మీద, ఒకే విడతలో ఏకబిగిన రాసినది ఇవ్వండి. ఒక్కో పాఠాన్ని విడివిడిగా రాస్తే, లేజర్ ఆగి మళ్లీ మొదలైన ప్రతి అతుకు దగ్గరా సరిదిద్దలేని దోషాలు నమోదవుతాయి. ఇంట్లో ప్లేయర్ అతుకును దాటేసి హాయిగా పాడుతుంది, మాస్టరింగ్ పరికరం మాత్రం తిప్పికొడుతుంది. "నా దగ్గర బాగానే మోగుతోంది కదా" అని వాదించిన వారిని లెక్కలేనంత మందిని చూశాను. మోగడం వేరు, దోషం లేకపోవడం వేరు. సీడీ ప్రమాణం ప్రకారం దోషమున్న డేటా ముక్కలు (బ్లాకులు) సెకనుకు సగటున 220 లోపు ఉండాలి. మంచి డిస్కులో అవి పదుల్లోనే ఉంటాయి. సరిదిద్దలేని దోషం ఒక్కటి కూడా ఉండకూడదు.

మాతృక మీద కాగితపు లేబుల్ అంటించి పంపకండి. తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది, జిగురు సంగతి సరేసరి. గట్టి బాల్‌పెన్నుతో పేరు రాసి పంపేవాళ్లూ ఉన్నారు. ఎందుకు వద్దో పైన చెప్పాను. పాఠాల వరస, మధ్య ఖాళీలు, ప్రతి పాఠం మొదటి అక్షరం కోసుకుపోలేదు కదా అన్నది డీడీపీ ప్లేయర్‌లో పెట్టి మొదటి నుంచి చివరి దాకా వినండి. మీరు వినకపోతే ఇంకెవరూ వినరు. ఫ్యాక్టరీ అంకెలను సరిచూస్తుంది, ఏడో పాఠం స్థానంలో ఆరోది రెండుసార్లు ఉందని దానికి తెలియదు.

ముద్రణలో ఒక చిన్న జాగ్రత్త: డిస్కు మీద సగ భాగం చిక్కటి నలుపు, సగం ఖాళీ ఉండే డిజైన్లు వద్దు. సిరా గట్టిపడేటప్పుడు ఒక వైపే లాగుతుంది. సీడీలో కొంత చెల్లుతుంది కానీ డీవీడీలో వంపు నిజంగానే ఇబ్బంది పెడుతుంది.

డీవీడీ గురించి అడగలేదు గానీ, రేపు వీడియో పాఠాలంటారేమో. దాన్ని 0.6 మిల్లీమీటర్ల బిళ్లలు రెండింటిని జిగురుతో అతికించి చేస్తారు, డేటా మధ్యలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి పైగీతల భయం తక్కువ. ఒక పొరలో 4.7 జీబీ, రెండు పొరల్లో 8.5 జీబీ పడతాయి. రెండు పొరలైతే పొర మారే చోట కొన్ని ప్లేయర్లు క్షణం ఆగుతాయి, ఆ చోటును మాట మధ్యలో కాకుండా దృశ్యం మారే దగ్గర పెట్టించుకోండి. బ్లూ-రే చిన్న ఆర్డర్లకు నప్పదు: డేటా అడుగు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, తయారీ కష్టం, పైగా అచ్చు వేసే వీడియో బ్లూ-రేలకు నకళ్లు తీయకుండా అడ్డుకునే ఏఏసీఎస్ రక్షణ తప్పనిసరి, దాని రుసుములు అదనం.

అచ్చు వేస్తామని డబ్బు తీసుకుని రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. రాసిన డిస్కు అడుగు భాగం సాధారణంగా నీలమో, ఆకుపచ్చో, లేత పసుపో ఛాయలో ఉంటుంది. కొన్ని దాదాపు వెండిలాగే కనబడతాయి కాబట్టి రంగు ఒక్కటే నమ్మకండి. డిస్కును వాలుగా పట్టుకుని రంధ్రం చుట్టూ ఉన్న అద్దం లాంటి పట్టీ చూడండి. అచ్చు వేసినదైతే మీ ఆర్డరు నంబరుతో పాటు ఐఎఫ్‌పీఐ అన్న అక్షరాలతో మొదలయ్యే గుర్తులు ఉంటాయి: మాస్టరింగ్ యంత్రానికి ఒకటి, అచ్చుకు ఒకటి. దొంగ డిస్కులు ఎక్కడ పుట్టాయో పట్టుకోవడానికి 1994లో తెచ్చిన పద్ధతి ఇది, కొన్ని దేశాల్లో చట్టం ప్రకారం తప్పనిసరి. ఖాళీ సీడీ-ఆర్ కూడా ఏదో ఫ్యాక్టరీలో అచ్చైనదే కనుక అచ్చు గుర్తు దాని మీదా ఉండవచ్చు. మీ ఆర్డరు నంబరు మాత్రం ఉండదు. ఇదే కారణంతో మంచి ఫ్యాక్టరీ మిమ్మల్ని కూడా ప్రశ్నిస్తుంది: ఈ పాఠాల మీద హక్కు ఎవరిది, నేపథ్య సంగీతానికి అనుమతి ఉందా అని పత్రం అడుగుతుంది. అడగని చోటికి వెళ్లకండి.

చివరగా ఆర్డరు ఇచ్చే ముందు రెండు సంగతులు మాట్లాడుకోండి. ముద్రణకు ముందు కొన్ని డిస్కులు చూపిస్తారా అని అడగండి. స్టాంపర్ బిగించిన తర్వాత దొరికిన లోపానికి కూడా వెయ్యి ముద్రించాక దొరికిన దానికంటే నష్టం తక్కువే. రెండోది, మీ స్టాంపర్‌ను ఎంతకాలం దాచి ఉంచుతారో కనుక్కోండి. దాచి ఉంటే తర్వాతి విడతకు గాజు ఖర్చు ఉండదు, కాబట్టి ఇప్పుడే రెండు వేలు వేయించి ఇంట్లో పేర్చుకోనక్కర్లేదు.